అమ్మానాన్న వెంట ఉంటే పిల్లలు 'ఎ' సినిమాకి వెళ్లొచ్చా?

వెళ్లకూడదు, 'ఎ' సర్టిఫికెట్ సినిమాకి 18 ఏళ్లు నిండనివాళ్లను, పెద్దవాళ్లు తోడున్నా సరే, హాల్లోకి రానివ్వకూడదు.

ఈ సర్టిఫికెట్ ఇచ్చేది 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద పనిచేసే సెన్సార్ బోర్డు. విడుదలకు ముందే ఒక కమిటీ సినిమా మొత్తం చూసి హింస, భయం, శృంగారం, మత్తు, బూతు మాటలు ఎంత ఉన్నాయో, ఎలా చూపించారో తూచి నిర్ణయిస్తుంది. మనం కాసేపట్లో మరిచిపోయే నరుకుడు సీను ఏడేళ్ల పిల్లకి రాత్రంతా నిద్ర లేకుండా చేయొచ్చు. అసలు కారణం అదే. 'యు' సినిమా ఎవరైనా చూడొచ్చు. మధ్యలో ఉండే 'యుఎ'ను 2023 చట్ట సవరణతో 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు.

సిరిమాను పండగకి విజయనగరం వచ్చిన కుటుంబం పదేళ్ల బాబుతో 'యుఎ 13+' సినిమాకి వెళ్లిందనుకోండి. గేటు దగ్గర ఆపరు, ఎందుకంటే ఆ అంకె తల్లిదండ్రులకు ఇచ్చే సూచన, నిర్ణయం వాళ్లదే. అదే 'ఎ' సినిమా అయితే టికెట్ కొన్నా బాబుకి ప్రవేశం ఉండదు.

'ఎ' అంటే బూతు సినిమా అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఒక్క శృంగార సీను లేకపోయినా, రక్తపాతం ఎక్కువైతే చాలు, 'ఎ' రావచ్చు.