కడిగాక తెల్లబారిన క్లే పోకర్ చిప్స్: సమాధానం

మీ పోకర్ చిప్స్ (పేకాటలో డబ్బుకి బదులు వాడే బిళ్లలు) రంగు పోలేదండీ, పైనున్న జిడ్డు పోయింది. వేణ్ణీళ్లలో గిన్నెల సబ్బు కలిపి పాత కేసినో చిప్స్‌ని గంటసేపు నానబెట్టానన్నారు కదా, పొడిబారి తెల్లగా కనిపించడం అందుకే.

ముందు ఒక అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది లోపల ఇనుప బిళ్ల ఉన్న ప్లాస్టిక్ చిప్, కింద చెప్పేది దానికి పనికిరాదు. మీరు చిప్ మీద టోపీ, చేతికర్ర బొమ్మల అచ్చు ఉందన్నారు కాబట్టి పాల్సన్ అనే కంపెనీ రకమే అయ్యుండాలి. క్లే అన్నమాటే గానీ కుమ్మరి ఆవంలో కాల్చినవి కావు. ఖనిజాల పొడి కలిపిన ముద్దని వేడి అచ్చులో అదిమి చేస్తారు. అంచున ఉన్న రంగు పట్టీలు కూడా పెయింట్ కాదు, ముద్దని కత్తిరించి అక్కడ వేరే రంగు ముద్ద పొదిగినవి. రుద్దితే పోవు.

1. తువ్వాలు మీద విడివిడిగా పరిచి ఒక రోజంతా నీడన ఆరనివ్వండి. ఎండ, హెయిర్ డ్రయ్యర్ వద్దు, వంకరపోతాయి.
2. గుడ్డ మీద రెండు చుక్కల మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే రంగూ వాసనా లేని నూనె) వేసి రెండు వైపులా, అంచు చుట్టూ పల్చగా పట్టించండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకి మక్కు వాసన కొడుతుంది.
3. అందరూ మర్చిపోయేది ఇదే: మర్నాడు పొడిగుడ్డతో మళ్లీ తుడవాలి. నేను మొదటిసారి వదిలేశాను, వంద చిప్సూ జిగటగా ఒకదానికొకటి అతుక్కుని దుమ్మంతా పట్టింది. గుడ్డకి నూనె మరక అంటనంత వరకు తుడవండి.

బంగారు రంగు అక్షరాలు అద్దినవుంటే వాటి మీద రుద్దకండి, లేచిపోతాయి. మొదట ఒక్క చిప్ మీద చేసి చూడండి.