అన్నయ్యకు పనిచేయని మందు నాకు పనిచేస్తుందా?

ప్రశ్న: మా అన్నయ్యకు 2011లో హెపటైటిస్ సి (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) ఉన్నట్లు తేలింది. ఏడాదిపాటు వారానికొక ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ చేయించుకున్నా వైరస్ పోలేదు. ఆయనతోపాటు అదే చికిత్స తీసుకున్న సహోద్యోగికి మాత్రం పూర్తిగా నయమైంది. ఇప్పుడు నాకూ అదే వైరస్ ఉందంటున్నారు. జన్యు పరీక్ష చేయించుకుంటే ఏ మందు పడుతుందో ముందే తెలుస్తుందని ఒక ల్యాబువారు చెప్పారు. చేయించుకోమంటారా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: పదిహేనేళ్ల క్రితమైతే చేయించుకోమనే చెప్పేవాళ్లం. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ను నేరుగా చంపదు. మన శరీరంలోని రక్షణ వ్యవస్థను పురిగొల్పి, దానిచేత ఆ పని చేయిస్తుంది. అందువల్ల ఆ వ్యవస్థ ఎంత చురుకుగా స్పందిస్తుందన్నది రోగి జన్యువులను బట్టి ఉండేది. 19వ క్రోమోజోము మీద ఐఎల్‌28బి అనే జన్యువు దగ్గర జన్యు సంకేతంలో మనిషికీ మనిషికీ ఒక్క అక్షరం తేడా ఉంటుందనీ, అక్కడ తల్లి నుంచీ తండ్రి నుంచీ ‘సి’ అక్షరమే వచ్చినవారిలో (హెపటైటిస్ పేరులోని సికి, దీనికి సంబంధం లేదు) హెపటైటిస్ సి వైరస్ రకాల్లో ఒకటోది నయమయ్యే అవకాశం ‘టి’ ఉన్నవారికంటే సుమారు రెండింతలనీ 2009లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. మీ అన్నయ్యకూ సహోద్యోగికీ మధ్య వచ్చిన తేడాకు ఇది ఒక కారణం కావచ్చు. పోతే, తోబుట్టువులైనంత మాత్రాన మీ ఇద్దరిలో అదే అక్షరం ఉండాలని లేదు. వైరస్ కూడా వంశపారంపర్యంగా వచ్చేది కాదు. అది రక్తం ద్వారా సోకుతుంది.

ఇప్పుడు వాడే సోఫోస్బువిర్, డక్లాటాస్విర్, వెల్పటాస్విర్ వంటి మాత్రలు వైరస్ తన నకళ్లు తీసుకోవడానికి వాడే ప్రోటీన్లనే నేరుగా అడ్డుకుంటాయి గనుక, రోగి జన్యువు ఎలాంటిదైనా సాధారణంగా 12 వారాల్లో నూటికి 95 మందికి అటూఇటూగా నయమవుతోంది. కాబట్టి ఆ పరీక్షకయ్యే డబ్బు దండగే అని మా అభిప్రాయం.

అలాగని అందరికీ ఒకే చికిత్స అని కాదు. కాలేయం గట్టిపడి సిరోసిస్ దాకా వెళ్లిందా అన్నదాన్ని బట్టి మందుల కలయిక, కొన్నిసార్లు వ్యవధి మారుతాయి. గుండె లయకు వాడే అమియోడరోన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మాత్రలతో పొసగవు గనుక, మీరు వాడుతున్న ప్రతి మందు పేరూ డాక్టరుకు చెప్పండి. హెపటైటిస్ బి పరీక్ష మాత్రం తప్పనిసరి. సి వైరస్ తగ్గుతున్న సమయంలో లోపల అణగి ఉన్న బి వైరస్ విజృంభించే ప్రమాదం ఉంది.

2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. మీ విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కె.జి.హెచ్.) వెళ్లి విచారించండి. వెళ్లేటప్పుడు అన్నయ్యనూ వెంటబెట్టుకెళ్లండి: ఇంటర్‌ఫెరాన్‌కు లొంగని వైరస్ కూడా ఈ మాత్రలకు లొంగుతుంది, ఆయన ఇన్నేళ్లూ దాన్ని మోస్తూనే ఉండి ఉంటారు.