తుపాను షెల్టర్‌కు చక్రాల కుర్చీ వెళ్లేదెలా?

ప్రశ్న: మాది తీరగ్రామం. నాన్నగారు చక్రాల కుర్చీ మనిషి. తుపాను షెల్టర్‌కు మెట్లే ఉన్నాయి. ముందుగా ఏం చేయాలి?

జవాబు: ఆయన వివరాలు ఇప్పుడే మీ ఊరి సచివాలయంలో రాయించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర దివ్యాంగుల జాబితా ఉండి తీరాలి. ర్యాంపు కోసం అర్జీ పెట్టండి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు, రెండు పక్కలా పట్టుకునే కమ్మీ ఉండాలి. స్థలం లేదని నిటారుగా పోస్తే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. మరుగుదొడ్డి తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పు ఉందో లేదో టేపు పెట్టి కొలవండి. ర్యాంపు ఎక్కిన కుర్చీ చాలాసార్లు ఆగిపోయేది ఆ గడప దగ్గరే. హెచ్చరిక రాగానే, గాలి పెరగకముందే జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్ నంబరు 1077కు ఫోన్ చేసి బండి అడగండి. కుర్చీ వదిలేసి మనిషినొక్కడినే ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి.