నానోట్యూబులు కలిపినా బ్లేడు ఊపు ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: హెలికాప్టర్ బ్లేడు నమూనా కోసం గ్లాస్ ఫైబర్, ఎపాక్సీతో పట్టీలు చేస్తున్నాం. కంపనాలు త్వరగా అణగాలని రెసిన్‌లో 2 శాతం కార్బన్ నానోట్యూబులు (కంటికి కనిపించనంత సన్నని కార్బన్ గొట్టాలు) కలిపి, వ్యాక్యూమ్ ఇన్ఫ్యూజన్ చేశాం, అంటే గాలి లాగేసి పొడి బట్టలోకి రెసిన్ పీల్పించాం. పట్టీ ఒక కొస నల్లగా, రెండో కొస పాలిపోయి వచ్చింది. డాంపింగ్ (కంపనాలను అణచే గుణం) పెరగలేదు. లోపం ఎక్కడ?
– ఎం.టెక్. విద్యార్థులు, విశాఖపట్నం

జవాబు: రంగు తేడాయే సగం సంగతి చెబుతోంది. గ్లాస్ బట్ట వడపోత గుడ్డలా పనిచేసి, ట్యూబుల గడ్డల్ని రెసిన్ దిగిన చోటే ఆపేసింది. పైగా 2 శాతానికి రెసిన్ బాగా చిక్కబడి బుడగలు బయటికి రావు. 0.5 శాతానికి దిగండి, హ్యాండ్ లేఅప్ చేయండి, అంటే ఒక్కో పొరకూ రెసిన్ చేత్తో పట్టించండి.

పట్టీ ఊగినప్పుడు ట్యూబు, రెసిన్ ఒకదానిమీద ఒకటి రవంత జారి రాసుకుంటాయి. కంపన శక్తి ఆ రాపిడిలో వేడిగా పోతుంది. గడ్డకట్టిన ట్యూబుల్లోకి రెసిన్ చొరదు కాబట్టి ఆ జారుడు తగ్గుతుంది, పగుళ్లూ అక్కడే మొదలవుతాయి. రసాయన గుంపులు తగిలించిన ట్యూబులు సులువుగా కలుస్తాయి, బలం పెంచుతాయి. కానీ రెసిన్‌ను గట్టిగా పట్టుకుని తక్కువ జారతాయి. మీకు కావలసింది డాంపింగ్ గనుక ఆ గుంపులు లేని మామూలు మల్టీవాల్ (ఒకదానిలో ఒకటి ఇమిడిన పలు గోడల) ట్యూబులతోనే మొదలుపెట్టండి.

ఎల్‌వై556 రెసిన్ 200 గ్రాములు, హెచ్‌వై951 హార్డెనర్ 20 గ్రాములు అయితే ట్యూబులు 1.1 గ్రాములు. మాస్కు లేకుండా ఆ పొడి డబ్బా తెరవద్దు. ట్యూబుల్ని అసిటోన్‌లో వేసి, మంచు నీళ్లలో పెట్టిన బీకరులో, అతిధ్వని తరంగాలతో గడ్డల్ని విడగొట్టే ప్రోబ్ సోనికేటర్‌ను ఆపి ఆపి నడపండి. రెసిన్ కలిపి మళ్లీ నడిపి, అసిటోన్ ఎగిరిపోయేదాకా వెచ్చబెట్టి, బీకరు బరువు ఇక తగ్గట్లేదని తూచి చూసుకోండి. వ్యాక్యూమ్‌లో బుడగలు తీసి, పూర్తిగా చల్లారాకే హార్డెనర్ పోయండి. వేడిమీద పోస్తే బట్టకు పట్టించేలోపే గడ్డకడుతుంది.

అసిటోన్ దగ్గర చాలామంది మోసపోతారు. కాస్త మిగిలినా రెసిన్ మెత్తబడి డాంపింగ్ పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ట్యూబులు లేని పట్టీని కూడా ఇదే అసిటోన్ పద్ధతిలో చేసి పోల్చాలి.

కొలతకు పట్టీని ప్రతిసారీ ఒకే టార్క్‌తో బిగించండి. బిగింపు వదులైతే అక్కడి రాపిడి కూడా లెక్కలో చేరుతుంది. ఊపు 20 ఆవృతుల్లో సగమైతే, 2 యొక్క సహజ లాగరిథమ్ 0.693ను 20తో, తర్వాత 2π తో భాగించండి: డాంపింగ్ నిష్పత్తి సుమారు 0.0055. చిన్న ఊపుకు ట్యూబులు జారకపోవచ్చు, కాబట్టి పెద్ద ఊపు దగ్గరా, చిన్న ఊపు దగ్గరా విడివిడిగా లెక్కగట్టండి.

పట్టీని ఏ దిశలో కొట్టారో రాయలేదు. బ్లేడు పైకీ కిందికీ ఊగితే గాలే బాగా అణచేస్తుంది. ముందుకూ వెనక్కూ ఊగే లాగ్ కదలికకే ఆ సాయం చాలా తక్కువ. పట్టీని అంచు దిశలోనూ పరీక్షించండి. పొడవునా పరిచిన ఫైబర్ పొరల్లో బరువంతా దాదాపు ఫైబరే మోస్తుంది, రెసిన్‌కు పని తక్కువ. ట్యూబులున్న రెసిన్‌ను ఫైబర్ ఏటవాలుగా ఉండే ±45 డిగ్రీల పొరల్లో, బ్లేడు మొదలు (రోటర్‌కు బిగించే కొస) దగ్గర వాడితే ఫలితం బాగుంటుంది.