కారు మెరుపుకు అప్పు చేయాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ఉపాధ్యాయురాలిని. ఈ మధ్యే చిన్న కారు బుక్ చేశాం. అయిదేళ్ల లోను, 9 శాతం వడ్డీ. డాష్‌బోర్డు, డోర్ రబ్బర్లు, బంపర్లు ఎండకు పాడవకుండా ‘ప్రొటెక్షన్ ప్యాకేజీ’ తీసుకోమని షోరూంలో పట్టుబడుతున్నారు. 14,500 రూపాయలట, లోనులోనే కలిపేస్తారట. అదంతా దండగ, కార్ వాష్ వాళ్లు వాడే పాలిష్ అయిదు లీటర్ల డబ్బా తెచ్చుకుంటే ఏళ్ల తరబడి వస్తుందని మా మరిది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దమ్మా. షోరూం వారి ప్యాకేజీ మీ జేబుకు చేటు, మీ మరిది గారి డబ్బా కారుకు చేటు.

ముందు లోను సంగతి చూద్దాం. 14,500 రూపాయలను 9 శాతం వడ్డీతో 60 నెలలకు సర్దితే నెలకు సుమారు 301 రూపాయలు పడుతుంది. అన్నీ కలిపితే 18,060. అంటే పూత మీద వడ్డీయే మూడున్నర వేలు దాటింది. మామూలు పాలిష్ కొన్ని వారాలకే తుడిచిపెట్టుకుపోతుంది, దాని వాయిదా మాత్రం అయిదేళ్లూ వెంటాడుతుంది. ఎక్కువ కాలం నిలిచే కోటింగులు ఉన్న మాట నిజమే. వారు వేసేది అలాంటిదే అయితే ఉత్పత్తి పేరేమిటో, ఏయే భాగాలకు వేస్తారో, ఎన్నాళ్లు హామీయో, ఈలోగా రంగు వెలిస్తే ఏం చేస్తారో బిల్లు మీద రాసివ్వమనండి. రాసివ్వడానికి వెనకాడితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఆ 14,500 మ్యూచువల్ ఫండులో వేస్తే కోటీశ్వరులవుతారని నేను చెప్పబోవడం లేదు. చేయనక్కర్లేని అప్పు చేయకండి, అంతే.

ఇక డబ్బా దగ్గరికి వద్దాం. ఈ పాలిష్‌లలో ప్రధానంగా రెండు రకాలు. నీటిలో సిలికోన్ కలిపి చేసేది ఒకటి, సాధారణంగా పాలలా తెల్లగా ఉంటుంది. పెట్రోలియం ద్రావకంలో కలిపేది రెండోది, నూనెలా జిడ్డుగా, కిరోసిన్ వాసనతో ఉంటుంది. చాలామంది తప్పంతా సిలికోన్ మీద వేస్తారు గానీ, అసలు హాని చేసేది ఆ ద్రావకం. మీ మరిది గారి డబ్బా ఈ రెండో రకమైతే చిక్కే. కార్ల తలుపుల చుట్టూ ఉండే బీడింగ్ ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. అది ఎండకూ వానకూ బాగా తట్టుకుంటుంది, పెట్రోలియం నూనెలకు మాత్రం తట్టుకోలేదు. వాటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. తలుపు సరిగా బిగియదు, వానాకాలంలో నీళ్లు లోపలికి దిగుతాయి. లీటరుకు వంద రూపాయలు మిగిలాయని సంతోషపడేలోగా నాలుగు తలుపుల బీడింగ్ బిల్లు ఎదురవుతుంది. కాబట్టి సీసా ధరను పక్క సీసా ధరతో కాదు, అది చెడగొట్టగల భాగం ధరతో పోల్చి చూడండి.

కొనేటప్పుడు సీసా మీద ‘వాటర్ బేస్డ్’ అని ఉందేమో, వినైల్ (తోలులా కనిపించే మెత్తటి ప్లాస్టిక్), రబ్బరు, ప్లాస్టిక్ మూడింటికీ పనికొస్తుందని రాశారేమో చదవండి. మంట గుర్తు ఉంటే తిరిగి అరలో పెట్టేయండి. చిన్న సీసాయే కొనండి. 500 మిల్లీలీటర్లు 600 రూపాయలు అనుకుందాం. చిన్న కారు లోపలంతా పలుచగా పూయడానికి పాతిక మిల్లీలీటర్లు పట్టిందనుకున్నా ఒక్కో విడతకు ముప్పై రూపాయలు. నెలకోసారి పూసినా ఏడాదిన్నర దాటి వస్తుంది. ముందు తడిగుడ్డతో దుమ్ము తీయాలి, పాలిష్‌ను గుడ్డ మీద వేసుకుని పూయాలి, తర్వాత పొడి గుడ్డతో మిగులంతా తుడిచేయాలి. తుడవకుండా వదిలేసిన జిడ్డు దుమ్మును పట్టుకోవడం తప్ప ఏ మేలూ చేయదు.

మెరుపు ఎక్కువైతే రక్షణ ఎక్కువని చాలామంది భ్రమ. తళతళలాడే డాష్‌బోర్డు ముందు అద్దంలో ప్రతిబింబించి మిట్టమధ్యాహ్నం రోడ్డే కనబడనివ్వదు, మెరవని రకమే తీసుకోండి. స్టీరింగు, పెడల్స్, టైరు నేలకు ఆనే భాగం, బ్రేకు డిస్కుల మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. మీటరు మీది పారదర్శక ప్లాస్టిక్‌కు మెత్తటి తడిగుడ్డ చాలు. బంపరుకు ఎప్పుడైనా రంగు వేయించాల్సి వస్తే సిలికోన్ పాలిష్ వాడిన సంగతి పెయింటరుకు చెప్పండి, లేకపోతే కొత్త రంగు చిన్న చిన్న గుంటలు పడుతుంది.

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. ఆ ఎండలో నిలిపిన కారుకు ఏ సీసా అయినా చేసేది కొంతే. వినైల్ అంటే మెత్తదనం కోసం ప్లాస్టిసైజర్లు కలిపిన పీవీసీ. వేడికి అవి మెల్లగా ఆవిరైపోతుంటే వినైల్ గట్టిబడి పగులుతుంది. కొత్త కారు ముందు అద్దం లోపలివైపు పట్టే సన్నటి మసక పొర కొంతవరకు వాటిదే. అందుకే నా లెక్కలో మొదటి ఖర్చు అద్దానికి అడ్డుపెట్టే మడత తెర, రెండోది బండికి కవరు. నీడన నిలపడానికైతే పైసా ఖర్చు లేదు. పాలిష్ వంతు ఆ తర్వాతే.

ఎండకు డాష్‌బోర్డు పగిలితే బీమా ఇస్తుందని మాత్రం అనుకోకండి. అది అరుగుదల కింద లెక్క, మోటారు పాలసీ దానికి పైసా ఇవ్వదు. ప్రమాదంలో పాడైనా మామూలు సమగ్ర పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు, కారు కొత్తదైనా సరే. బంపరు ఖరీదు 8,000 అయితే 4,000 పోతుంది. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మీరు భరించాల్సిన 1,000 కూడా తీసేస్తే చేతికొచ్చేది 3,000. ‘జీరో డిప్రిసియేషన్’ అనే అదనపు రక్షణ ఉంటే ఆ 50 శాతం కోత ఉండదు. పూతకు పెట్టాలనుకున్న డబ్బులో కొంత దీనికి వెళ్తే సార్థకం. బహుశా షోరూం వారిచ్చిన కొటేషన్‌లో అది ఇప్పటికే ఉండవచ్చు, చూడండి.

ఆ కొటేషన్‌ను విడివిడి పద్దులతో అడిగి తీసుకోండి. కారు ధర, రిజిస్ట్రేషన్, బీమా, యాక్సెసరీలు వేర్వేరుగా కనబడాలి. యాక్సెసరీలు కొనడం మీ ఇష్టం. బీమా కూడా అక్కడే తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు. ప్యాకేజీ అందులో చేరిపోయి ఉంటే బ్యాంకు లోను మొత్తం ఖరారు చేయకముందే తీయించండి. డబ్బు విడుదలయ్యాక తీయించడం పెద్ద తలనొప్పి.