బోరు కాలనీదా, పంచాయతీదా?

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లాలో ఒక ఊరి శివారు కాలనీ. 64 ఇళ్లున్నాయి. 2012లో చందాలు వేసుకుని బోరు వేయించి, ట్యాంకు కట్టుకున్నాం. నీళ్లు వదిలేది సంక్షేమ సంఘమే. కొన్నేళ్లుగా మోటారు కరెంటు బిల్లు మాత్రం పంచాయతీ కడుతోంది. 14 నెలల కిందట మా బోరుకు 120 మీటర్ల దూరంలో ఒకాయన బాగా లోతుగా బోరు వేసి, రాత్రీ పగలూ ట్యాంకర్లు నింపి అమ్ముకుంటున్నాడు. మా బోరు ఎండిపోయింది. ముసలివాళ్లు బిందెలు మోస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. నీరు ప్రాథమిక హక్కు కదా, కోర్టుకు వెళ్లొచ్చా? ‘ఈ బోరు పంచాయతీదే’ అని పాత తేదీతో తీర్మానం రాసిస్తామని పంచాయతీలో ఒకరు అంటున్నారు. తీసుకోమంటారా?
– సంఘం కార్యదర్శి

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే వాక్యం ఒక్కటే. మోటారు కరెంటు బిల్లు పంచాయతీ కడుతోందన్నది. దాన్ని మీరు ‘మాత్రం’ అంటూ దాటేశారు.

2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం 10వ సెక్షన్ ప్రకారం ప్రజా తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదు. ప్రజల తాగునీటి కోసం వేసే బోరుకు, చేతిపంపుకు మినహాయింపు ఉంది. ట్యాంకర్ల వ్యాపారానికి లేదు. 120 మీటర్లంటే కేసు గెలిచినట్టే అనిపిస్తుంది. అయితే ప్రతి బోరూ ప్రజా తాగునీటి వనరు అయిపోదు. ప్రభుత్వమో స్థానిక సంస్థో దాని నుంచి ప్రజలకు నీళ్లు ఇస్తూ ఉండాలి. మీ డబ్బుతో వేసుకుని మీరే వదులుకుంటే అది ప్రైవేటు బోరే. అప్పుడు మీరూ ఆయనా ఇద్దరూ భూమి ఉన్న మామూలు మనుషులు. తన నేల కింద నిర్దిష్టమైన కాలువగా పారని నీటిని తోడుకునే హక్కు భూ యజమానికి ఉందని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 7వ సెక్షన్ చెబుతుంది. ఆయన లాయరు మొదట తీసేది అదే. కేరళలోని ప్లాచిమడలో భూగర్భ జలం తోడిన కోకాకోలా కంపెనీ మీద నడిచిన కేసు చూపించవచ్చని మీకు ఎవరైనా చెప్పొచ్చు. 2003లో కేరళ హైకోర్టు సింగిల్ జడ్జి కంపెనీకి వ్యతిరేకంగా చెప్పిన మాట నిజమే. కానీ 2005లో అదే కోర్టు డివిజన్ బెంచ్, అంటే ఇద్దరు జడ్జీల బెంచ్, దాన్ని పక్కన పెట్టింది.

ప్రాథమిక హక్కు సంగతి. తాగునీరు జీవించే హక్కులో భాగమని మన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కేసులోనే 2000లో సుప్రీంకోర్టు అంది. కానీ ఆ హక్కును ప్రధానంగా ప్రభుత్వం మీద అడగాలి. పక్కాయన మోటారు ఆపించడానికి అదొక్కటే చాలదు.

కాబట్టి మీ బోరు నీళ్లు పంచాయతీ ఇస్తున్నవేనని సాక్ష్యం పోగేయడమే మీ పని. మోటారు కరెంటు సర్వీసు నంబరు ఎవరి పేర ఉంది, పంచాయతీ ఎప్పటి నుంచి బిల్లు కడుతోంది, నల్లా పన్ను ఎవరు వసూలు చేస్తున్నారు, మోటారు ఆన్ చేసే మనిషికి జీతం ఎవరిస్తున్నారు, పంచాయతీ క్యాష్ పుస్తకంలో, ఆడిట్‌లో మీ బోరు రిపేరు ఖర్చు ఎక్కిందా – ఇవన్నీ సమాచార హక్కు చట్టం కింద పంచాయతీనీ విద్యుత్ సంస్థనూ అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. నల్లా పన్ను రసీదు ఒక్కటి దొరికినా, అది కడుపు తరుక్కుపోయే నాలుగు పేరాల కంటే విలువైనది.

ఇక పాత తేదీ తీర్మానం. దాని జోలికి వెళ్లకండి. ప్రభుత్వ ఉద్యోగి నిర్వహించే రిజిస్టరును ఫోర్జరీ చేయడం భారతీయ న్యాయ సంహిత 337వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడే నేరం. మినిట్స్ పుస్తకంలో వరుస నంబర్లుంటాయి, ముందూ వెనుకా తీర్మానాలుంటాయి, ఆ రోజు హాజరైన సభ్యులుంటారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది పది నిమిషాలు కూడా నిలవదు. పైగా నిజమైన బిల్లులు చేతిలో ఉండగా దొంగ కాగితం పెడితే ఆ బిల్లులనూ ఎవరూ నమ్మరు.

మీ నిర్లక్ష్యం సంగతి కూడా చెప్పాలి. బోర్లు రిజిస్టర్ చేయించాలని వాల్టా చెబుతోంది, మీరు చేయించినట్టు ఎక్కడా రాయలేదు. 64 ఇళ్లకు నీళ్లిచ్చే సంఘం నీటిమట్టం ఎంతో ఒక నోట్‌బుక్కులో రాసుకోదా? ఇంకుడు గుంత ఒక్కటైనా ఉందా? పక్కాయన వల్లే ఎండిందని నిరూపించాల్సింది మీరు. వానలు లేక ఎండిందని ఆయన అంటాడు.

గడువు చూద్దాం. పర్యావరణ వివాదాలు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు దాని చట్టం 14వ సెక్షన్ కింద ఆరు నెలల్లో వెళ్లాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. మీది 14 నెలలు, ఆ తలుపు మూసుకుపోయినట్టే అనుకోండి. సివిల్ దావాకు ఇంకా దారి ఉంది. రోజూ తోడుతున్నాడు కాబట్టి ఇది కొనసాగుతున్న తప్పు అని వాదించవచ్చు. అయితే ఇన్నాళ్లు ఊరుకుని ఇప్పుడు అర్జెంటుగా ఇంజంక్షన్, అంటే మోటారు ఆపమనే ఉత్తర్వు, ఇవ్వమంటే జడ్జిగారు కారణం అడుగుతారు.

చేయాల్సింది ఇది. పంచాయతీ ఆధారాలతో తహసీల్దారుకు వాల్టా కింద ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పక్కాయన బోరుకు అనుమతి ఉందా, రిజిస్టర్ అయిందా అని అందులోనే అడగండి. ఆయన మోటారుకున్నది వ్యవసాయ కనెక్షనా అన్నదీ చూడండి. ఉచిత కరెంటుతో నీళ్లు తోడి ట్యాంకర్లకు అమ్మితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు చార్జీ వేస్తారు. దీనికి బోరు ఎవరిదన్న గొడవే అక్కర్లేదు, స్తంభం నంబరు, ట్యాంకర్లు నింపుతున్న ఫొటోలు చాలు. తహసీల్దారు కదలకపోతే, ఆయన తన పని చేసేలా ఆదేశించమని ఆ రసీదుతో హైకోర్టులో రిట్ వేయండి.

అంతవరకు మీ బోరును మాత్రం లోతు చేయించకండి. ముందు భూగర్భ జల శాఖ వాళ్లను పిలిపించి రెండు బోర్ల లోతూ, నీటిమట్టమూ రాతపూర్వకంగా కొలిపించండి.