మధ్యయుగపు ఫెర్రారా విశ్వవిద్యాలయంలో మనవాళ్లకు స్కాలర్‌షిప్ ఎలా?

ఇటలీలోని ఫెర్రారా విశ్వవిద్యాలయాన్ని 1391లో పోప్ అనుమతితో ఆ నగర పాలకుడు ఆల్బెర్తో ద'ఎస్తే స్థాపించాడు. కోపర్నికస్ 1503లో చర్చి న్యాయశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నది ఇక్కడే. ఇప్పుడిది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. విద్యార్థి స్కాలర్‌షిప్‌లు చూసేది మాత్రం ఫెర్రారా ఉన్న ఎమీలియా-రొమాన్యా ప్రాంతపు ప్రభుత్వ సంస్థ 'ఎర్గో'. చాలామంది రెండూ ఒకటే అనుకుని గడువు పోగొట్టుకుంటారు.

కుటుంబ ఆదాయం, ఆస్తి పత్రాలకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే అధికారిక ధ్రువీకరణ), ఇటాలియన్ అనువాదం చేయించాలి. సొంతింటి విస్తీర్ణం దగ్గర జాగ్రత్త! మన పత్రాల్లో చదరపు అడుగులుంటాయి, ఇటలీలో ఇంటి విలువ లెక్కగట్టేది చదరపు మీటరుకు 500 యూరోల చొప్పున. 1,000 చదరపు అడుగులంటే సుమారు 93 చదరపు మీటర్లే. మార్చకుండా 1,000 అని రాస్తే ఇంటి విలువ పది రెట్లు పైగా పెరిగి, అర్హత ఉన్న పిల్లలకూ స్కాలర్‌షిప్ చేజారుతుంది.